అక్క గుండెకి ముప్పై ఐదు మార్కులు

మా లాబ్‌లో తయారైన మొట్టమొదటి పిడికిలి డాక్టర్ ఫిలోమినా గారి గుండెకి నకలు. లాబ్ తనది కాబట్టి ప్రయోగం కూడా తన మీదే మొదలవ్వాలని ఆవిడ పట్టుబట్టింది. పొద్దున్నే వెళ్ళి ఎకో స్కాన్ తీయించుకుని వచ్చి, ఆ ఫైలుని మిషన్లోకి పంపించింది. కాసేపటికి మూసలోంచి ఇటుకరంగు ముద్ద ఒకటి బయటికొచ్చింది. జామకాయ కంటే కాస్త పెద్దది, అందుకే దానికి పిడికిలి అని పేరు పెట్టాం. దాన్ని నా అరచేతిలో పెట్టి, "మరీ బిగించి పట్టుకోకు నీరజా," అంది. చెయ్యి వెచ్చదనం తగిలిందో లేదో అది కొట్టుకోవడం మొదలెట్టింది. నేను కెవ్వుమన్నాను. ఆ జెల్ తయారుచేసిందే నేను. అది కదులుతుందని నాకంటే బాగా తెలిసినవాళ్ళు కాకినాడలో ఎవరూ లేరు. అయినా ఎదురుగా నిలబడి నవ్వుతున్న మనిషి గుండె నా చేతిలో కొట్టుకుంటుంటే ఇంకేం చేస్తాను?

ఇదంతా ఎందుకు మొదలెట్టామంటే, ఎకో రిపోర్టు అనే కాగితం మీద ఒళ్ళుమండి. స్కాన్ తీసినవాడు ఏమీ చెప్పడు. "పెద్ద డాక్టర్ గారు చెప్తారండీ" అంటాడు. ఆ పెద్ద డాక్టరు వైజాగ్ నుంచి ఎప్పుడో గానీ రాడు. ఈలోగా కాగితం ఇంట్లో ఉంటుంది. నిండా ఇంగ్లీషు మాటలూ, అంకెలూ. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు, ఎవరో ఒకరు ఫోన్లో వెతుకుతారు. కవాటం దగ్గర స్వల్పంగా లీకు అని ఉంటే, అది చాలామందికి ఉండే సంగతే అయినా, గుండె లీకవుతోందట అని ఇల్లంతా ఏడుస్తుంది. నిజంగా భయపడాల్సిన మాట మాత్రం ఎవరికీ నోరు తిరక్క పక్కకి పోతుంది. ఫిలోమినా గారి నాన్నగారు అలాంటి కాగితం దిండు కింద పెట్టుకునే పోయారు. అందుకే చదవక్కర్లేని రిపోర్టు కావాలంది ఆవిడ, చేత్తో పట్టుకుంటే తెలిసిపోయేది.

తెలిసిపోయేది కూడా. బాగున్న గుండె పాలు పితికే చేతిలా అన్ని వైపుల నుంచీ ఒక్కసారి బిగుస్తుంది, వదుల్తుంది. జబ్బు గుండెలో ఒక గోడ బద్ధకిస్తుంది. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా వేలు పెట్టి, "ఇదుగో, ఇక్కడ పట్టట్లేదండీ," అని చూపించేవాళ్ళు. అలా చూపించగలిగినవాళ్ళు డాక్టరు దగ్గరికెళ్తే బెదిరిపోరు, అడగాల్సింది అడుగుతారు. మాకు కావలసింది అదే.

ఒక్క విషయంలోనే గొడవపడ్డాం. డాక్టర్లకి వీలుగా ఉంటుందని పిడికిలి అడుగున చిన్న కిటికీ పెట్టి అందులో ఒక అంకె వేశాం. గుండె బిగిసినప్పుడల్లా తనలో ఉన్న నెత్తుట్లో నూటికి ఎంత భాగం బయటికి తోస్తోందో ఆ అంకె. ఎంత గట్టి గుండె అయినా నూరూ తొయ్యదు. యాభై ఐదు నుంచి డెబ్భై దాకా ఉంటే దివ్యంగా ఉన్నట్టు. నలభై కిందికి దిగిందంటే ఆలస్యం చెయ్యకూడదు. ఈ సంగతి తెలీనివాళ్ళు అంకె చూసి ఏమనుకుంటారోనని నేనంటే, "చేతిలో గుండె కొట్టుకుంటుంటే అడుగున అంకె ఎవరు చూస్తారే?" అంది ఫిలోమినా గారు.

మా బావగారు చూశారు.

మా అక్క కనకవల్లి భర్త శేషగిరి మాస్టారంటే సామర్లకోటలో తెలియనివాళ్ళు లేరు. స్టేషన్ రోడ్డులో మేడమీద విజయభేరి ట్యుటోరియల్స్ ఆయనదే. పదో తరగతి తప్పినవాళ్ళని చేర్చుకుని, పాసయ్యేదాకా వదిలిపెట్టకపోవడం ఆయన వృత్తి. అన్ని ఊళ్ళ నుంచీ వచ్చే ఆ పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండిపెట్టడం మా అక్క వృత్తి. జీవితమంతా ఆయన ఒక్క అంకెనే నమ్ముకున్నారు. ముప్పై ఐదు. "ముప్పై ఐదు వచ్చిందా, ఇంక నిన్నాపే మొగాడు లేడు. ముప్పై నాలుగు వచ్చిందా, కూచో." నేను ఇంటర్లో తొంభైలు తెచ్చుకున్నప్పుడు కూడా, "అరవై మార్కులు వృథా చేశావు మరదలా, ముప్పై ఐదుతో పనయిపోయేది," అని ఏడిపించారు.

కిందటి వేసవిలో అక్క వంటింట్లోంచి మేడమీదికి అన్నం గిన్నె మోసుకెళ్ళడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అంతకుముందు పదిరోజులు జ్వరం పడి లేచింది. నీరసమనుకున్నారు. ఆ వారంలోనే మా లాబ్ వాళ్ళు సామర్లకోట కళ్యాణ మండపంలో శిబిరం పెట్టారు. అక్కడే స్కాన్ తీసి, పిడికిలి చేతికిచ్చి, వైజాగ్ డాక్టర్ జలాలుద్దీన్ గారిని ఎప్పుడు కలవాలో చీటీ ఇచ్చేవాళ్ళు. ఎవరి గుండె నీరసంగా ఉంటే వాళ్ళకి దగ్గరి తేదీ, బాగున్నవాళ్ళకి దూరపు తేదీ, మిషనే నిర్ణయించేది.

నేను అప్పుడు బెంగళూరులో ఉన్నాను. అక్క శిబిరానికి వెళ్ళినట్టు నాకు ఫోన్లో చెప్పలేదు. మరదలు చేసిన బొమ్మని మరదలికే చూపించి ఆశ్చర్యపెడదామని బావగారి సరదా. అక్కడ ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది.

అక్క పిడికిలి పట్టుకుని, "వెచ్చగా భలే ఉందండీ, పిచ్చికపిల్లలా ఉంది," అందట. బావగారు దాన్ని తిరగేసి అడుగున చూశారు. ముప్పై ఐదు. ఆయన మొహం విప్పారిందట. "పాసే కనకం! సరిగ్గా పాసు! నీరసం గీరసం ఏం లేదు!" అని పక్కనున్నవాళ్ళకి కూడా చూపించారట. చేతిలో చీటీ చూస్తే ఎల్లుండి తేదీ వేసి ఉంది. పాసైనవాళ్ళని అంత తొందరగా పిలవడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. ఆయన లెక్కలో మంచి మార్కులు వచ్చినవాళ్ళని ముందు పిలిచి ఇంటికి పంపేస్తారు గాబోలు.

పక్క కుర్చీలో నాగదేవి అనే పిల్ల ఒళ్ళో చంటిబిడ్డని పెట్టుకుని ఏడుస్తోంది. కాన్పయ్యాక ఆయాసమొస్తే వచ్చింది. ఆమె పిడికిలి అడుగున యాభై ఐదు ఉంది. నూటికి యాభై ఐదంటే గుండె సగమే పనిచేస్తోందనుకుంది. పైగా ఆమె చీటీలో తేదీ నెలన్నర తర్వాత. అన్నాళ్ళు బతకనండీ, ఈ పిల్ల ఏమైపోతుందండీ అని ఒకటే ఏడుపు.

"సెకండ్ క్లాసమ్మా నీది, ఏడవకూడదు," అని మాస్టారు ఓదార్చబోయారు. ఆమె ఏడుపు ఆగలేదు. అప్పుడాయన అక్క వైపు చూశారు. అక్క తలూపింది. "పాపం, పసిపిల్ల తల్లి. మనదేవుందండీ, ఇచ్చెయ్యండి," అందట. ఇద్దరూ ఇష్టపడే మార్చుకుంటున్నామన్నారు కాబట్టి చీటీలు రాసే కుర్రాడు అడ్డం చెప్పలేదు. నాగదేవి అక్క కాళ్ళకి దణ్ణం పెట్టింది. దగ్గరి తేదీ పుచ్చుకుని వెళ్ళి, నీ గుండె రాయిలా ఉంది పొమ్మని డాక్టరు చేత చెప్పించుకుని, కడుపునిండా అన్నం తింది. ఆయాసం రక్తం తక్కువై వచ్చిందట.

బెంగళూరులో నేను చేస్తున్న పని పిడికిలికి వయసు నేర్పించడం. అప్పటిదాకా మా నకలు స్కాన్ తీసిన రోజు గుండె ఎలా ఉందో అలాగే కొట్టుకునేది. కొత్త జెల్ అలా కాదు. మిషను మీద ఉన్న కంకణాన్ని ముందుకి తిప్పితే నకలుకి రోజులు గడుస్తాయి. గుండెకి ఉన్న జబ్బు దానిలోనూ ముదురుతుంది. నకలుని ఉంచే తొట్టె నీళ్ళలో మందు కలిపితే ఆ మందు ఎంతవరకు పనిచేస్తుందో అదీ కనిపిస్తుంది. నేను కాకినాడకి తిరిగొచ్చిన రోజునే ఫిలోమినా గారు మళ్ళీ తన నకలునే తొట్టెలో పెట్టించి కంకణం తిప్పింది. నేను అంకెలు చదువుతుంటే ఆవిడ నకలు మీద చెయ్యేసి ఉంచింది. డెబ్భయ్యో ఏటి దాకా వచ్చాక ఏం తెలిసిందో, ఠక్కున చెయ్యి తీసేసింది.

"ఆపెయ్యి," అంది. "ఇది లాబ్ గుమ్మం దాటకూడదు. డాక్టర్లకి కూడా ఇంకా వద్దు. రోజులు తెలుసుకుని మనిషి ఏం చేసుకుంటాడు?"

నేను సరేనన్నాను. ఆ ఆదివారం, వంకాయ కారం పెట్టిన కూర తిందామని సామర్లకోట వెళ్ళాను.

అక్క గుమ్మంలోకి రాలేదు. మంచం మీద కూచుని కాళ్ళు కిందికి వేలాడదీసి వంకాయలు తరుగుతోంది. కాళ్ళు వాచి ఉన్నాయి. నేను అడిగేలోపే బావగారు పక్కగదిలోంచి గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకొచ్చారు.

"కళ్ళు మూసుకో మరదలా. చెయ్యి పట్టు."

కళ్ళు మూసుకున్నాను. అరచేతిలోకి పిడికిలి వచ్చింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత అది కొట్టుకోవడం మొదలెట్టింది, నాకు నవ్వు పోయింది. ఎడమవైపు గోడ బిగవట్లేదు. ఊరికే వణుకుతోంది. వందల గుండెలు పట్టుకున్న చెయ్యి నాది, ఎవరి గుండో తెలియకముందే అది బాగులేదని దానికి తెలిసిపోయింది.

"ఎవరిదిది?"

"మీ అక్కది. చూడు అడుగున ఎంతుందో. మా పిల్లలకి రోజూ చూపిస్తున్నాను, కష్టపడితే ఇలా పాసవుతారని."

"డాక్టర్ గారేమన్నారు?"

"ఇంకా వెళ్ళలేదుగా. పాసే కదా అని మా తేదీ ఇంకో పిల్లకిచ్చేశాం," అని బావగారు నెమ్మదిగా, సంతోషంగా మొత్తం చెప్పారు. చెబుతున్నంతసేపూ నా చేతిలో అక్క గుండె వణుకుతూనే ఉంది.

నేను అరిచాను. ఆయన్ని నేను ఎప్పుడూ మీరు అనే అంటాను, ఆ రోజు కూడా మీరు అంటూనే నానా మాటలూ అన్నాను. గుండెకి పరీక్ష పెట్టింది ఎవరని అడిగాను. ముప్పై ఐదుకి పాసని ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నాను. బడి తప్పినవాళ్ళకి చెప్పుకునే లెక్క మా అక్క మీద పెట్టారా అన్నాను. శేషగిరి మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి, పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా విన్నారు. చివరికి, "అయితే ఎంతుండాలి నీరజా?" అని అడిగారు. మరదలా అనలేదు.

"ఊరుకోవే," అంది అక్క. "ఇంట్లో భోజనానికి పిల్లలొచ్చే వేళయింది."

మర్నాడే వైజాగ్ తీసుకెళ్ళాం. జలాలుద్దీన్ గారు నెమ్మదైన మనిషి. జ్వరంతో పాటు గుండె కండరానికి వాపు వచ్చిందనీ, అది తగ్గకుండా మచ్చకట్టడం మొదలైందనీ చెప్పారు. మందులు రాశారు. బావగారు కుర్చీ అంచున కూచుని, "ఆలస్యమైందాండీ?" అని అడిగారు.

"ఇప్పుడొచ్చారుగా మాస్టారూ. మందులు మానకండి," అన్నారాయన. బావగారు ఆ మాటని ఆసుపత్రి మెట్లు దిగేదాకా తనలో తాను అనుకుంటూనే ఉన్నారు. ఇప్పుడొచ్చాంగా, ఇప్పుడొచ్చాంగా అని.

నేను లాబ్‌కి వెళ్ళి చెయ్యకూడని పని చేశాను. శిబిరం రోజు తీసిన అక్క స్కాన్ మా దగ్గరే ఉంది. దాంతో రెండు నకళ్ళు పోశాను. రెండు తొట్టెల్లో పెట్టాను. ఒకదానికి చీటీలో మొదట ఉన్న తేదీన మందు పడేలా, రెండోదానికి మేం వైజాగ్ వెళ్ళిన రోజున పడేలా అమర్చి, కంకణం తిప్పాను. రెండోది కొంతకాలం సర్దుకుంది. తర్వాత మచ్చ పాకింది. దీపావళి కూడా చూడకుండా ఆగిపోయింది. మొదటిది ఆగలేదు. ఏనాడూ గట్టిపడలేదు, మెట్లెక్కితే ఆయాసపడే గుండెగానే ఉంది, అయినా ఈ ఏడు గడిచింది, పై ఏడూ గడిచింది. ఐదేళ్ళ దాకా తిప్పి, ఇంక చూడలేక చెయ్యి తీసేశాను.

మిషన్ తప్పనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

ఫిలోమినా గారు వెనక నుంచి వచ్చి ఎంతసేపు నిలబడిందో తెలీదు. నన్ను తిట్టలేదు. "ఎందుకు చూశావే తల్లీ," అంది, అంతే. ఆ వారంలోనే పిడికిళ్ళ అడుగున ఉన్న కిటికీలన్నీ పూడ్పించేసింది. చీటీలు మార్చడానికి వీల్లేదని శిబిరాల్లో పెద్దక్షరాలతో బోర్డు కట్టించింది. మంచిపనే. మా అక్కకి పనికొచ్చేది కాదు.

తర్వాత వారం అక్క దగ్గరికెళ్తే, ఆవిడ నా మొహం చూసి వంటమనిషిని బయటికి పంపేసింది. అప్పటికి వంట తను చెయ్యడం మానేసింది.

"నువ్వేదో లెక్క చూసొచ్చావు," అంది. "నాకు ఎన్నాళ్ళో చెప్పద్దు. ఒక్కటే అడుగుతాను. ఆ వేళ మా తేదీన మేవే వెళ్ళుంటే వేరేగా ఉండేదా?"

లేదు అనడానికి నోరు తెరిచాను. ఆవిడ వాచిన కాళ్ళు చూసి తల దించుకున్నాను. అక్క కిటికీలోంచి మేడమెట్ల వైపు చూసింది. పైన బావగారు క్షేత్రగణితం చెబుతున్నారు, గొంతు కిందికి వినబడుతోంది.

"అయితే ఆయనకి చెప్పకు."

"అక్కా."

"చెప్పకే. తప్పు చదివానని ఆయనకి తెలుసు. దానికే సగం చచ్చి ఉన్నారు. రాత్రిళ్ళు లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నారు. ఆ తప్పువల్లే నేను పోయానని కూడా తెలిస్తే ఆ మనిషి ఇంకో పిల్లాడికి పాఠం చెప్పగలరంటావా? ఆ తేదీ ఇచ్చింది ఆయనొక్కరే కాదు, నేనూ ఇచ్చాను. నువ్వు ఎంత తిట్టుకున్నా నన్ను తిట్టు."

ఆవిణ్ణి ఎలా తిడతాను?

అప్పుడే నాగదేవి వచ్చింది. ఏ జన్మలో చేసిన పాపమో, సరిగ్గా అప్పుడే. పిల్లని చంకనేసుకుని, డబ్బా నిండా సున్నుండలు పట్టుకొచ్చింది. అక్కకి బాగులేదని ఎవరో చెబితే వచ్చింది. "మీ తేదీ ఇచ్చేరు గాబట్టి నేను ధైర్యంగా ఉన్నానండీ, లేకపోతే బెంగతోనే పోయేదాన్నండీ," అంటోంది. ఆమెకేం తెలీదు. ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఏ తప్పూ లేని మనిషి, పచ్చని చంటిపిల్ల, అయినా ఆ ఇద్దర్నీ గుమ్మం బయటికి నెట్టి తలుపేసుకోవాలనిపించింది.

అక్క చేతులు చాపింది. "ఇలా ఇవ్వమ్మా బంగారాన్ని." పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని, సున్నుండ చిదిపి నాలుక్కి రాసింది. బావగారు క్లాసు ముగించి కిందికొచ్చి ఈ దృశ్యం చూసి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"చూశారా, ఎలా బొద్దుగా తయారైందో," అంది అక్క ఆయనతో. "మనం మంచిపనే చేశామండీ."

ఆయన తలూపారు. నేను వంటింట్లోకెళ్ళి నీళ్ళ చప్పుడు వినబడేలా కుళాయి తిప్పి ఏడ్చాను.

అక్క దసరా వెళ్ళాక పోయింది. మధ్యాహ్నం పిల్లలు భోంచేసి విస్తళ్ళు తీసిన తర్వాత, ఒకసారి పడుకుంటానని పడుకుంది. అందరూ ఏడ్చారు. పాసైనవాళ్ళూ తప్పినవాళ్ళూ, ఎప్పుడో ఆవిడ చేతి అన్నం తిని ఇప్పుడు నెత్తి నెరిసినవాళ్ళూ వచ్చి మెట్లమీద కూచుని ఏడ్చారు. బావగారు ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చారు. పన్నెండో రోజు అయిపోయాక కూడా ఏడవలేదు. ట్యుటోరియల్స్ తలుపు తియ్యలేదు. ఎవరైనా పలకరిస్తే, "నాది లెక్క తప్పింది," అని మాత్రం అనేవారు.

డిసెంబర్లో ఒకరోజు మధ్యాహ్నం లాబ్‌కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్షకొచ్చినట్టు తల దువ్వుకుని వచ్చారు. అప్పటికి నాతో పనిచేసిన బెంగళూరు వాళ్ళు కంకణం సంగతి పత్రికల్లో రాసేశారు. ఆయన అంతా చదివారు.

"మీ దగ్గర మిషనొకటి ఉందటగా నీరజా. ముందుకి తిప్పి చూపిస్తుందట."

"అది ఇంకా ప్రయోగంలో ఉంది బావగారూ."

"మీ అక్క స్కాన్ ఉందా మీ దగ్గర?"

ఉందన్నాను. ఆయన కుర్చీలో కూచుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకున్నారు.

"ఆ వేళ మా తేదీన మేవే వెళ్ళి, ఆ మందులే అప్పుడే మొదలెట్టుంటే ఏమయ్యేదో చూపించు. నన్ను కాపాడాలని చూడకు. ఉన్నది ఉన్నట్టు చూపించు. నాకు నిద్ర పట్టి చాలా రోజులైంది. చంపేశానని తెలిస్తే తెలిసిందని ఉంటుంది. ఇలా తెలియకుండా ఉండలేకపోతున్నాను."

ఫిలోమినా గారు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వైపు చూసింది. ఏ సైగా చెయ్యలేదు. ఇది నా ఇంటి సంగతని వదిలేసి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను లేచి నకలు పోశాను. ఆయన ప్రతిదీ చూస్తున్నారు, నలభై ఏళ్ళు పిల్లల కాపీలు పట్టిన కళ్ళు. స్కాన్ మీద అక్క పేరు, తేదీ ఆయనకి చూపించాను. ఆయన చదివి తలూపారు. మందుల బీరువా తెరిచాను. రెండు సీసాలూ ఒకే రంగువి, ఒకే కొలతవి. ఒకదానిలో జలాలుద్దీన్ గారు రాసిన మందులున్నాయి. ఇంకోదానిలో ఉత్త ఉప్పునీళ్ళు, పోల్చి చూడడానికి మేం వాడేవి. నాకు పాఠం చెప్పినవాళ్ళందరూ చెప్పింది ఒక్కటే. ప్రయోగం చేసేటప్పుడు నీకేం కావాలో మర్చిపో, ఏముందో అది చూడు. ఇరవై ఏళ్ళు అలాగే చూశాను.

ఉప్పునీళ్ళ సీసా తీశాను.

"ఇదేనా మందు?" అన్నారు.

"ఇదే బావగారూ. ఇదిగో, మొదటి తేదీనే పడేలా పెడుతున్నాను." తేదీ ఆయన చేతే నొక్కించాను. నకలుని తొట్టెలోంచి గొట్టాలతో సహా ఎత్తి, ఆయన అరచేతిలో పెట్టాను. కొట్టుకోవడం మొదలెట్టింది. ఆయన చెయ్యి దాన్ని అలవాటైనట్టు పొదివి పట్టుకుంది. ఎన్ని రోజులు దాన్ని పిల్లలకి చూపిస్తూ తిరిగారో.

కంకణం తిప్పాను. వేసవి గడిచింది. వానలు గడిచాయి. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో వింటున్నారు. దసరా రోజులకి అది తడబడింది. "ఆగుతోందా?" అన్నారు. ఇంకాస్త తిప్పాను. రెండుసార్లు కొట్టుకుంది, మధ్యలో చాలాసేపు ఊరుకుని ఇంకోసారి కొట్టుకుంది, ఆగిపోయింది.

ఆయన కళ్ళు తెరవలేదు. ఇంకా కొడుతుందేమోనని దాన్ని అలాగే పట్టుకుని ఉన్నారు.

"అంటే, ముందు వెళ్ళినా ఇంతేనన్నమాట."

"ఇంతే బావగారూ."

"మందులు వేసినా."

"వేసినా అంతే."

"హమ్మయ్య," అన్నారు.

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే తెల్లబోయారు. భార్య గుండె చేతిలో ఆగిపోతే హమ్మయ్య అనుకున్న మనిషి ఆయనొక్కరే అయి ఉంటారు. తర్వాత ఆయన మొహం ఒక పక్కకి వంకర పోయింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. పిడికిలిని గుండెకి అదుముకుని, "కనకం, కనకం," అని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చారు. లెక్క తప్పిందని అనలేదు. నా వల్లేనని అనలేదు. పెళ్ళాం పోయినందుకు మొగుడు ఏడ్చినట్టు ఏడ్చారు, అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఫిలోమినా గారు లోపల్నుంచి వచ్చి ఆయన పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది. వెళ్తూ బీరువాలో సీసాల వైపు చూసింది. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

నేను ఆయన ఎదురుగా కూచుని ఉన్నాను. అక్క అడిగింది చేశాను. నాకు కూడా ఏడుపొస్తుందనుకున్నాను, ఎంత చూసినా రాలేదు. ఇన్నాళ్ళూ నేను కోపం పెట్టుకోవడానికి లోకంలో ఉన్నది ఆయనొక్కరే, ఆయనకి ఏ పాపమూ లేదని నా చేత్తోనే రుజువు చేసి ఇచ్చేశాను. బావగారు కళ్ళు తుడుచుకుని, రేపట్నుంచి క్లాసులు మొదలెడతానన్నారు. మంచిది బావగారూ అన్నాను.